నల్లోడి కడుపు



మేము నలుగురం పాడేరు ఏజెన్సీ నుంచి డిగ్రీకని విశాఖ వచ్చి ఒకే గదిలో ఉంటున్నాం. మొన్న సంక్రాంతికి ఇళ్లకెళ్లి తిరిగొచ్చేటప్పుడు మాతోపాటు నల్లోడూ వచ్చాడు. రెండేళ్ల కుక్క. మాలో ఒకడి మామ్మ పెంచింది. మామ్మ పోయాక ఆ ఇంటికి తాళం పడింది. వదిలేసి రావడానికి మనసొప్పలేదు. వాచ్‌మన్ తాతని బతిమాలి హాస్టల్ వెనక షెడ్డులో పెట్టుకున్నాం. "కంపు చేసిందంటే ఆ రోజే తోలేస్తాను" అని తాత ముందే చెప్పేశాడు.

ఊళ్లో వాడు తిన్నది చోడి అంబలి, గంజి అన్నం. పట్నం వచ్చాడు కదా, మంచిది పెడదామని తలా వంద వేసుకుని కుక్కల తిండి ప్యాకెట్ కొన్నాం. గిన్నె నిండా పోశాం. పైన మెస్సులో మిగిలిన చికెన్ కూర. గిన్నె నాకేశాడు, మేం మురిసిపోయాం. తెల్లారేసరికి షెడ్డంతా నీళ్ల విరేచనాలు. తాత లేవకముందే బకెట్లతో కడిగాం.

ఒకడు తన పెట్టెలోంచి విరేచనాల మాత్ర తీశాడు. నిజంగా వేసేసేవాళ్లమే. ఇంకొకడు ఆపాడు. వాణ్ణి ఎత్తుకుని పశువుల ఆస్పత్రికి పోయాం.

డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే: "ఇంటి దగ్గర ఏం తినేవాడు?"

చెప్పాం. తిండి ఒక్కసారిగా మారితే పేగుల్లోని సూక్ష్మజీవులకు అలవాటు పడే టైము ఉండదట. అరగని తిండి పేగులోకి నీళ్లు లాగుతుంది, అందుకే విరేచనాలు. పాతది ముప్పావు, కొత్తది పావు కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. కూరలో నూనె, కారం సరే, ఉల్లిపాయ అయితే కుక్క రక్తాన్నే పాడుచేస్తుందంట. మనుషుల మాత్రలు అసలు వేయొద్దంది. మెత్తటి అన్నం, ఉప్పుకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం కొంచెం కొంచెంగా, పక్కన ఎప్పుడూ మంచినీళ్లు. విరేచనంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, చిన్న పిల్లయినా ఆగకూడదు. పిల్లలకైతే అది పార్వో కావచ్చు, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. దానికి ముందే వేయించే టీకా ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లు 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ నంబరు అది.

తిరిగొస్తుంటే మాలో ఎవ్వరికీ మాట రాలేదు. మూడో తరగతిలో మమ్మల్ని హాస్టల్లో చేర్చినప్పుడు మొదటి వారం మా అందరి కడుపులూ ఇలాగే పోయాయి. "తిండి మొహం చూడనోళ్లు, ఎగబడి తిన్నారు" అని నవ్వారు. ఇంటి దగ్గర ఏం తినేవాళ్లురా అని ఒక్కరూ అడగలేదు. మేమూ నల్లోడిని అడగలేదులెండి.

నాలుగో రోజుకి వాడు తేరుకున్నాడు. ఊరి జీపులో చోడి పిండి తెప్పించాం. వాడికని కాసిన అంబలి సగం మేమే తాగేస్తున్నాం. నిన్నటి నుంచి వాచ్‌మన్ తాత కూడా గ్లాసు పట్టుకుని వస్తున్నాడు.