పరుల సరకు – మన మాట

“ఊరోళ్ల సరుకు మంచిచెడ్డలు రాసుకుంట కూసుంటే మన సకినాలు ఎవలు అమ్ముతరు బిడ్డా?” అని మా యత్తగారు నన్నొకనాడు ప్రశ్నించిరి. అప్పుడు సరియైన బదులు తోచక నవ్వి యూరకుంటిని. మూడేండ్ల యనుభవము పిమ్మట నేడా ప్రశ్నకు బదులు చెప్పగలనని నమ్మి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నావలెనే యింటిపట్టున నుండి చిన్న వ్యాపారము చేసికొనుచున్న సోదరీమణులకు ఇందొకటి రెండు మాటలైనను ఉపకరింపవచ్చును. నేను చేసిన పొరపాటు వారు చేయకుందురేని అదియే పదివేలు.

మా కాపురము హనుమకొండలో. నా భర్తగారు పనిచేయుచుండిన చిన్న కార్ఖానా మూతపడినప్పుడు బిడ్డల చదువు, అత్తగారి మందులు, ఇంటి కిరాయి – ఈ మూడును ఒక్కమారే మా గడపలో వచ్చి నిలిచినవి. నాకు చేతనైన విద్య యొక్కటే, సకినాలు చుట్టుట. కొత్తబియ్యమును రాత్రి నానవైచి, తెల్లవారి నీరు వార్చి, తడిపిండి పట్టించి, నువ్వులు, ఓమ, ఉప్పు చేర్చి కలిపి, పరచిన బట్టపై వ్రేళ్ళతో చుట్లుచుట్లుగా చుట్టి, తడి యారిన పిదప నూనెలో కాల్చుట మా ప్రాంతపు ఆడువారందరు ఎరిగిన పనియే. సంక్రాంతికి ప్రతి యింట జరుగు నీ పనిని ఏడాది పొడుగునను చేసి యమ్మవచ్చునని తోచి పొయ్యి వెలిగించితిని. మొదటి యేడు కొన్నవారు ఇరుగుపొరుగువారును, ఉద్యోగము విరమించిన యొక పంతులమ్మగారును. హైదరాబాదులోని కుమార్తెకును, అమెరికాలోని కుమారునకును పంపుటకై ఆమె సంక్రాంతికి పది కిలోలు కొనిరి. ఆమె కొనుటచూచి మరి నాలుగిండ్లవారు కొనిరి. మా యింటి కిరాయికి లోటు లేకపోయెను.

ఇప్పటి కాలమున ఏ దుకాణము పేరు ఫోనులో వెదకినను దాని క్రింద కొన్నవారి యభిప్రాయములును, వారిచ్చిన నక్షత్రములును కానవచ్చును గదా! మా బంధువులలో బావ వరుసయగు నొకాయన క్రొత్తగా నూనె వ్యాపారము పెట్టెను. అతడొకనాడు వచ్చి, “మరదలా, నా నూనె గురించి నాలుగు మంచి ముక్కలు రాయి. నీ సకినాల గురించి నేను గూడ రాస్త” అనెను. చుట్టరికము, మొగమాటము, పైగా నాకును లాభమే యను నాశ – ఈ మూడును కలిసి నా చేత వ్రాయించినవి. “ఇంత మంచి పల్లీనూనె వరంగల్లులో మరెక్కడను లేదు. నా సకినాలన్నియు ఈ నూనెతోనే కాల్చుదును” అని వ్రాసి అయిదు నక్షత్రములు పెట్టితిని. నాటికి ఆ నూనె చుక్కయైనను మా యింటికి రాలేదు. అతడును నా సకినాలు నోటబెట్టకయే “అమృతము” అని వ్రాసెను. ఇట్లు రెండబద్ధములు ఒకదానికొకటి బదులు పోయినవి.

ఆ వ్రాత చూచి పంతులమ్మగారు రెండు డబ్బాల నూనె కొనిరి. అది పాతబడిన వాసన కొట్టెను. ఆమె మా యింటికి వచ్చిరి. కోపపడలేదు, కేకలు వేయలేదు. కోపపడియున్నచో నాకింత బాధ కలిగియుండదు. “అమ్మాయీ, నూనె సంగతి సరే, డబ్బాలు వాపసు ఇచ్చితిని. నీవు ఆ నూనెతోనే కాల్చుదునని వ్రాసితివి. అది నిజమైనచో నీ సకినాలు నేనెట్లు తినవలెను? అబద్ధమైనచో నీ మాట నేనెట్లు నమ్మవలెను?” అనిరి. నాకు బదులు లేకపోయెను. ఆ సంక్రాంతికి ఆమె పది కిలోలును పోయినవి. ఆమెను చూచి కొన్న నాలుగిండ్లును పోయినవి. సకినాలలో ఏ లోపమును లేదు, లోపమంతయు నా మాటలో నుండెను.

అప్పుడు నాకు బోధపడిన దేమనగా: వర్తకుడు తన సరకును తాను పొగడుకొనుట లోకసహజము, కొనువారు ఆ పొగడ్తలో సగము తీసివేసియే విందురు. కాని పరుల సరకును గూర్చి చెప్పు మాటను పూర్తిగా విందురు. అందు మనకు లాభము లేదని తలంతురు గనుక. ఆ నమ్మకమును మనము చెరిపికొన్నచో మన సరకును గూర్చి చెప్పు మాటకు మిగిలిన సగము విలువయు పోవును. మరునాడే నా పాత వ్రాత తీసివేసి, “ఈ దుకాణదారు మాకు బంధువు. వాడిచూడకయే పొగడితిని, అది తప్పు” అని వ్రాసితిని. నన్ను గూర్చి వ్రాసిన “అమృతము”ను గూడ తీసివేయుమని బావను కోరితిని. ఆయన ఆరు నెలలు మా గడప త్రొక్కలేదు. ఒక పెండ్లిలో ఎదురుపడి మా అక్క నాతో మాటాడక మొగము త్రిప్పుకొన్నది. ఆ బాధ ఇప్పటికిని నా మనసునుండి పోలేదు.

ఇక షత్రంజి సంగతి. నలుగురు కూర్చుండి సకినాలు చుట్టుటకు అడుగున పరచుకొన మంచి జంపఖానా కావలసి, వరంగల్లు కొత్తవాడకు పోయి ఒక నేతగాని మగ్గముకడనే కొంటిని. మన వరంగల్లు షత్రంజిల పేరు మీరెల్లరు వినియే యుందురు. రత్నకంబళ్ళవలె వీనికి మీద నూగుండదు. పడుగు పేకలు బిగువుగా కలిసిన చదునైన నేత యగుటచే రెండు ప్రక్కలను పరచుకొనవచ్చును. 1851లో లండను నగరమున జరిగిన మహా ప్రదర్శనమున వరంగల్లు తివాచీలు ఉంచబడినవి. 2018లో వరంగల్లు షత్రంజిలకు భౌగోళిక గుర్తింపు లభించినది; అనగా మరియొకచోట నేసిన దానిని ఆ పేరు పెట్టి యమ్మరాదు.

రెండు నెలలు వాడిన తరువాత ఆ షత్రంజిని గూర్చి వ్రాసితిని. ఈసారి పొగడ్త వ్రాయలేదు, చూచినది వ్రాసితిని: “పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఆరడుగులు, కొలత సరిగా నున్నది. ఎరుపు మొదటి యుతుకున కొంత వదలినది, రెండవ యుతుకునుండి నిలిచినది. కావున మొదటిసారి వేరుగా ఉతుకవలెను. అంచు తిన్నగా నున్నది, ఒక్క పోగును లేవలేదు. వారమునకు నాలుగు దినములు నలుగురము దీనిపై కూర్చుండి సకినాలు చుట్టుచున్నాము; ముడుత పడలేదు.” ఇంతియే.

పది దినములకు ఆ నేతగాడే, డెబ్బదేండ్ల పెద్దవాడు, మా యిల్లు వెదకికొనుచు వచ్చెను. “రంగు పోయిందని రాసినవట గద బిడ్డా” అనెను. నా గుండె జల్లుమన్నది. “రాసిన తాతా. మొత్తం చదువుత, వినుండ్రి” అని మొదటినుండి చదివి వినిపించితిని. ఆయన తలవంచుకొని వినెను, కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “అంచు గూడ చూసినవా?” అని యడిగెను. చూచితినంటిని. “నలుబై యేండ్లాయె నేయవట్టి. కొన్నోళ్లు బాగున్నదంటరు, పోతరు. అంచు ఎవ్వలు చూడలే” అనెను. ఆ పెద్దవాని కన్నులు తడియగుట చూచి నాకును మాట రాలేదు. నాటినుండి ఆయన కొనువారందరికిని మొదటి యుతుకు వేరుగా ఉతుకుడని తానే చెప్పుచున్నాడట. తప్పు చెప్పినందున ఆయన బేరము చెడలేదు. ఒక కొనుగోలుదారు, “రంగు వదలిన సంగతి దాచకుండ వ్రాసిన మనిషి, అంచు బాగున్నదన్నచో నిజమే కావలెను” అని చెప్పి రెండు కొనిపోయెనట.

ఇందువలన నాకేమి కలిగినదని అత్తగారి ప్రశ్న. మొదటిది: ఆ వ్రాతలో సకినాలు చుట్టుచున్నామను మాట యొకటి యున్నది గదా! అది ప్రకటన గాదు, షత్రంజి ఎట్లు వాడబడుచున్నదో తెలుపు మాట మాత్రమే. అయినను దానిని చదివిన వారిలో కొందరు, “మీ సకినాలు అమ్ముదురా?” అని యడిగిరి. రెండవది: ఆ నేతగాడు తన మగ్గముకడకు వచ్చినవారికి చాయతోపాటు నా సకినాలు పెట్టి, ఎక్కడివో చెప్పుచున్నాడు. మూడవది అన్నిటికంటె గొప్పది: పరుల పనిని శ్రద్ధతో చూచుట యలవాటైన పిదప నా పని నాకు క్రొత్తగా కనబడినది. ఆయన యంచు చూచిన కంటితో నా సకినాలను చూచితిని. చుట్టు చివర అతుకు విడి, డబ్బాలో పొడి పడుచున్నది. అప్పటినుండి అతుకు నొక్కి మూయుచున్నాము.

ఇది నేటి వింత గాదు. కాకతి గణపతిదేవ మహారాజు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ మునిగిన వర్తకుల సరకును రాజులు లాగికొను ఆచారమును మాన్పించెను. వర్తకము మాటమీద నిలుచునని ఆయన ఎరుగును. ఆ శతాబ్దపు చివర వెనీసు నగరపు వర్తకకుటుంబమువాడైన మార్కో పోలో చెప్పి వ్రాయించిన గ్రంథమున ఈ దేశమును గూర్చి యున్నది. దీని నేలిన రాణి న్యాయమును పొగడెను. చరిత్రకారులు ఆమెను మన రుద్రమదేవిగా గుర్తించిరి. ఇక్కడి సన్నని వస్త్రములు సాలెగూటివలె నుండుననెను. పరదేశపు సాలెవారి సరకును మెచ్చి చెప్పినందున అతని పేరే ఏడువందల యేండ్లు నిలిచినది. అయితే అదే ప్రకరణమున, పాముల లోయలలో మాంసము విసరి గ్రద్దలచేత వజ్రములు తెప్పింతురని కట్టుకథయు చెప్పెను. అట్టి కథల మూలమున అతడు చూచి చెప్పిన నిజములను గూడ శంకించువారు నేటికిని కలరు. నా పల్లీనూనెయు అతని గ్రద్దలును ఒక్క జాతివే యని నాకు తోచును.

సోదరీమణులారా! వ్రాయదలచినచో ఈ నాలుగు నియమములు పాటింపుడని నా మనవి. వాడనిదానిని గూర్చి వ్రాయవలదు. చుట్టరికము గాని, ఉచితముగా పుచ్చుకొన్న సరకు గాని యున్నచో దాచవలదు. సరకును మెచ్చి ప్రచారము చేయువారు వర్తకునితో తమకు గల లావాదేవీని తెలుపవలెనని 2022లో కేంద్రప్రభుత్వము మార్గదర్శక సూత్రములు వెలువరించినది. ఆ యేడే భారతీయ ప్రమాణముల సంస్థ కొనుగోలుదారుల యభిప్రాయములను గూర్చి ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును ప్రకటించినది. మూడవది, మనవలెనే అదే సరకు అమ్మువారిని గూర్చి చెడుగా వ్రాయవలదు. అది నిజమైనను అసూయగనే కనబడును. నాలుగవది, లోపము కనబడినచో తిట్టువలె గాక, తరువాత కొనువారు ఏమి జాగ్రత్త పడవలెనో తెలియునట్లు వ్రాయవలెను. వీలైనచో ముందుగా అమ్మినవానితో చెప్పుట మేలు. ఈ తుది నియమమును నేను షత్రంజి విషయమున పాటింపనందులకే ఆ పెద్దవాడు అంత దూరము నడచి రావలసివచ్చెను.

మొన్నటి సంక్రాంతికి ముందు పంతులమ్మగారు మా వాకిట నిలిచిరి. కొత్తవాడలో షత్రంజి కొనబోయి నా వ్రాత చదివిరట. “ఒక కిలో ఇమ్ము” అనిరి. పది కాదు, ఒక్కటి. నేను మారుమాటాడక తూచి యిచ్చితిని. వారము తిరుగక మునుపే ఆమె నా సకినాలను గూర్చి వ్రాసిరి: “కరకరలాడుచున్నవి. నూనె మంచిది. ఓమ కొంచెము తగ్గించిన బాగుండును.” అది విని మా యత్తగారికి కోపము వచ్చెను. నలుబదియేండ్లనుండి ఆ ఓమ కొలత ఆమెదే! రెండు దినములు అలిగి, మూడవనాడు తామే పిండి కలుపుచు చారెడు ఓమలో చిటికెడు తీసి ప్రక్కనుంచిరి. ఏమియు అనలేదు, నేనును ఏమియు అనలేదు.

ఆ పండుగకే పంతులమ్మగారు మరల వచ్చి మరి అయిదు కిలోలు కొనిరి. మొత్తము ఆరైనవి. ఇంకను నాలుగు కిలోల నమ్మకము నేను సంపాదింపవలసి యున్నది.