ఉడుకు నీళ్ళ లెక్క

కార్తీకం సగానికి వచ్చేసరికి పత్రికల జిల్లా పేజీల్లో ఒక చిన్న పెట్టె కనబడడం మొదలవుతుంది: గిన్నెధరిలో ఇంత, సిర్పూర్‌లో ఇంత, బేలలో ఇంత అంటూ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలు. మొదట్లో పద్నాలుగు, పన్నెండు అని ఉండే అంకెలు డిసెంబరుకల్లా పది లోపుకు దిగుతాయి, కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీల దాకా పోతాయి. ఆకాశాన మబ్బు లేక, పగలంతా నేల దాచుకున్న వేడి తెల్లారేలోపు పైకి పోయి, ఉత్తరం నుంచి పొడిగాలి దిగే పాత ఆదిలాబాదు జిల్లాకు ఇదేం కొత్త కాదు. కాకపోతే ఇప్పుడు ఆ అంకె చదవగానే నా చూపు తలుపు పక్కనున్న కరెంటు మీటరు మీదికి పోతుంది. మా అమ్మకు అంకెలతో పని లేదు, తెల్లవారుజామున ముంగిట్లో పాదం పెడితే చాలు, చలి ఎంతుందో తెలిసిపోయేది. ఆమె చూపు మాత్రం పెరట్లోని పిడకల గూడు మీదికి పోయేది. ఈ చలికాలం ఎట్లా గడుస్తుందన్న బెంగ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

దసరా వెళ్ళి వానలు వెనకపట్టాక మొదలయ్యేది ఆ లెక్క. కిందటేడు పీకి కట్టలు కట్టిన పత్తికట్టె, కందికట్టె చూరు కింద తడవకుండా ఎంత మిగిలింది, వానాకాలమంతా ఎండక ఆగిపోయిన పిడకలు దీపావళి ఎండకు ఎన్ని తేలతాయి, బర్రెలున్న ఇంటామెను అడిగితే తట్టెడు పేడ ఊరికే ఇస్తుందా, పాలబాకీలో కలుపుతుందా, రేషన్ దుకాణంలో గాసునూనె ఈ నెల వస్తుందా రాదా, వస్తే దీపాలకు పోను పొయ్యి అంటించుకోవడానికి సీసాలో ఎంత మిగులుతుంది. ఇవన్నీ ఎవరూ కాగితం మీద రాయలేదు. ఆడవాళ్ళు బాయి కాడ బిందెలు నింపుకుంటూ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ మాటల్లోనే కూడి తీసివేసుకునేవారు.

మాది బెల్లంపల్లి. నాన్న గనిలో పనిచేసేవాడు. ఎల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు జాడ కనిపెట్టాక గోదావరికి ఇవతలా అవతలా తవ్వి తీసిన బొగ్గు రైళ్ళకూ మిల్లులకూ కరెంటు కేంద్రాలకూ పోయింది, అందులో ఇసుమంత మా వాకిట్లోకి కూడా వచ్చింది. అందుకే మా చలికాలం వాసన పల్లెల్లోని కట్టెపొగ వాసన కాదు, గొంతులో గీరుకుపోయే గంధకం వాసన. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా తగలదు. తగలనందుకు నాకు బాధ లేదు, అయినా ముక్కు మాత్రం దాన్ని మరిచిపోలేదు.

మా బొగ్గుల పొయ్యి బజారులో కొన్నది కాదు. అడుగు తుప్పు పట్టిన ఇనుప బకెట్టుకు సగానికి కొంచెం కింద నాలుగైదు ఊచలు అడ్డంగా దూర్చి, అడుగున గాలి ఆడడానికి పిడికిలి పట్టేంత కంత కొట్టించి, లోపలంతా ఊక కలిపిన ఎర్రమట్టి మెత్తి ఆరబెడితే అదే పొయ్యి. బకెట్టు చెవులూ తీగా అలాగే ఉంచేవారు, ఎందుకంటే దాన్ని అంటించేది ఇంట్లో కాదు, వాకిట్లో. రాత్రి బూడిదను కంతలోంచి గోకి, ఊచల మీద పత్తికట్టె ముక్కలు అడ్డదిడ్డంగా పేర్చి, వాటి మీద విరిచిన పిడక, పిడక మీద నాలుగు చుక్కల గాసునూనె, ఆపైన అగ్గిపుల్ల. మంట అందుకున్నాక సుత్తెతో పగలగొట్టిన బొగ్గు ముక్కలు ఒక్కొక్కటే వేయాలి; గబాలున గుమ్మరిస్తే మంట చచ్చిపోతుంది, ఆలస్యం చేస్తే పిడక కాస్తా కాలి కూర్చుంటుంది. ముందు పసుపుపచ్చగా చిక్కటి పొగ లేచేది. కాసేపటికి అది పలచబడి, ముక్కల అంచున నీలిమంట ఆడి, లోపలంతా ఎర్రబడ్డాక, చేతికి తడిగుడ్డ చుట్టుకుని తీగ పట్టి అమ్మ దాన్ని ఇంట్లోకి తెచ్చేది. వరుస క్వార్టర్లన్నిటి ముందూ ఒకే వేళకు ఇదే పని జరగడంతో, చలికాలపు పొద్దుల్లో ఆ పొగ పైకి పోలేక మంచుతో కలిసి కప్పుల ఎత్తున నిలిచిపోయేది. గని సైరను వినబడేది గానీ, పనికి పోయే మనిషి పది అడుగుల దూరంలో ఉన్నా కనబడేవాడు కాదు.

ఆ ఒక్క పొయ్యి పొద్దంతా ఎన్ని పనులు చేసేదో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ముందు చాయ, తర్వాత జొన్నరొట్టెలు, అన్నం, పప్పు. వంట దిగాక పొయ్యిని ఊరికే వదిలేవారు కాదు, నివురు కప్పిన నిప్పుల మీద పాలు సన్నగా కాగి మీగడ కట్టేవి, పక్కనే దండెం మీద ఆరని చంటిపిల్ల బట్టలు ఆరేవి, తాత మోకాళ్ళు చాపుకుని దాని ముందే కూర్చునేవాడు, బూడిదలో పూడ్చిన కందగడ్డ సాయంత్రానికి మెత్తబడేది. చివరికి మిగిలిన బూడిద గిన్నెలు తోమడానికి పనికొచ్చేది. ఎవరింట్లోనైనా నిప్పు ఆరిపోతే పిడక ముక్క పట్టుకుని పక్కింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకునేవారు. ముందురోజు మాటా మాటా అనుకున్న ఇల్లయినా సరే, నిప్పు లేదనేవారు కాదు.

ఉడుకు నీళ్ళకు మాత్రం పొయ్యి వేరే. వెనక గోడ వారగా మూడు రాళ్ళు, వాటి మీద నీళ్ళ కాగు. మసి గట్టిగా పట్టకుండా కాగు పక్కలకు ముందే తడిబూడిద పూసేవారు. దాని కిందికి మంచి బొగ్గు పెట్టేవారు కాదు, బొగ్గుపొడి, కొబ్బరి పీచు, రాలిన వేపాకు, చిరిగిన చాప, ఏది దొరికితే అది. గనిలోంచి వచ్చిన నాన్నకు మొదటి బకెట్టు, కనురెప్పల్లో ఇరుక్కున్న బొగ్గుపొడి పోవడానికి రెండో బకెట్టు, తర్వాత తాత, ఆ తర్వాత పిల్లలం. అమ్మ వంతు చివర. ఆమె దాకా వచ్చేసరికి కాగులో ఉన్నవి గోరువెచ్చని నీళ్ళే, వాటిలో చన్నీళ్ళు కలుపుకునే అవసరం ఆమెకు రాలేదు.

రాత్రిళ్ళకు అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత, దాని మీద నల్లగొంగడి. గొంగడి అంటే కురుమలు దక్కనీ గొర్రెల బొచ్చు కత్తిరించి, వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల అంబలి పట్టించి ఆరేసిన సరుకు. కొత్తలో ఒంటికి గుచ్చుకునేది, ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడేది, వానలో తడిస్తే గొర్రెల మంద మొత్తం ఇంట్లోకి వచ్చిన వాసన వేసేది. ఇప్పుడు మాంసం కోసం పెంచే ఉన్నిలేని గొర్రెలు దక్కనీ గొర్రెల చోటు ఆక్రమించాయి, కత్తిరించిన ఉన్నికి కూలి గిట్టుబాటు కాక దాన్ని పారేసే కాపరులున్నారు. పండుగకు దేవుని ముందు పరిచే గొంగడి ఇంకా ఉంది గానీ, రాత్రి కప్పుకునే గొంగడి ఇళ్ళలో దాదాపు లేదు. దాని బదులు సంతలో దొరికే సింథటిక్ రగ్గు తేలికగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది, గుచ్చుకోదు. నేనూ అదే కప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో వెచ్చదనం ఊరికే వచ్చేదని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. డబ్బు పడలేదంతే. పేడ తెచ్చి పిడక కొట్టిన చేయి ఎవరిది, అడవి అంచున కట్టెలు ఏరి నెత్తిన మోపు పెట్టుకుని గార్డు కంటపడకుండా వచ్చిన ఆడపిల్ల ఎవరు, బడికి పోవాల్సిన పొద్దుల్లో ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నది ఎవరు? మా అమ్మ కళ్ళు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉండేవి. చలికాలం వస్తే రాత్రిళ్ళు ఆమె దగ్గుతూనే ఉండేది, ఆ దగ్గును మేమంతా పొగదగ్గు అని ఊరుకున్నాం. చలి మరీ ఎక్కువైన రాత్రి నిప్పుల పొయ్యిని గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్న వాళ్ళు తెల్లారి లేవలేదన్న మాట అప్పుడు వినేవాళ్ళం, ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వింటూనే ఉన్నాం. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పొగ పోయింది కాబట్టి ప్రమాదమూ పోయిందనుకుని నిద్రపోయేవారు.

అందుకే గ్యాసు పొయ్యి ఇంటికి వచ్చిన రోజును నేను నష్టం కింద రాసుకోలేను. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చాక, ఎన్నో వంటిళ్ళలో గోడలకు మసి తగ్గింది. మీట తిప్పితే మంట, మళ్ళీ తిప్పితే ఆరిపోతుంది. అయితే ఆ మంట తన పని కాగానే ఆగిపోతుంది. నివురు మిగలదు, దాని ముందు తాత కూర్చోడు, పక్కన బట్టలు ఆరవు. ఒక నిప్పు చుట్టూ జరిగిన పనులన్నీ విడిపోయి, ఒక్కోదానికి ఒక్కో యంత్రం, ఒక్కోదానికి ఒక్కో ధర వచ్చాయి. స్నానానికి గీజరు లేదా రాడ్డు, బట్టలకు వాషింగ్ మెషీన్‌లోని డ్రయ్యరు, ముసలివాళ్ళ గదికి హీటరు, కందగడ్డ కాల్చడానికి ఒవెన్. ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి వెచ్చదనం వాళ్ళది.

ధర విషయానికొస్తే, 2023 మార్చిలో హైదరాబాదులో 14.2 కిలోల సిలిండరు 1,155 రూపాయలైంది. ఆ ఆగస్టు చివర 200 తగ్గించారు, మరుసటేడు మార్చిలో ఇంకో 100 తగ్గించారు. తెలంగాణలో అర్హులకు 500 రూపాయలకే సిలిండరు అన్నారు, ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచితమన్నారు. ఆ ఊరట నిజమే. కానీ చలికాలంలో సిలిండరు మీద వంటతో పాటు నీళ్ళ గిన్నె కూడా ఎక్కుతుంది, నెలన్నర వచ్చేది నెలకే అయిపోతుంది. గ్యాసు ఆదా చేద్దామని కరెంటు వైపు తిరిగితే అక్కడ ఇంకో లెక్క. 20 లీటర్ల బకెట్టు నీళ్ళను 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 0.6 యూనిట్ పడుతుంది, 1500 వాట్ల రాడ్డుకు సుమారు 25 నిమిషాల పని. నలుగురున్న ఇంట్లో మనిషికో బకెట్టు అనుకుంటే నెలకు 70 యూనిట్లు ఉడుకు నీళ్ళకే. ఫ్యాన్లు ఆగిపోయి మిగిలిందంతా ఇక్కడ ఖర్చవుతుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇల్లు 201 దగ్గర మొత్తం బిల్లు కట్టాలి. అందుకే నెలాఖరులో మీటరు చూసి పిల్లలకు రోజు విడిచి రోజు స్నానం చేయించే తల్లులు ఉన్నారు. బిందెలు నింపుకుంటూ అమ్మలు వేసిన లెక్కే ఇది, ఇప్పుడు మీటరు ముందు నిలబడి వేస్తున్నారు.

పైగా మన ఇళ్ళు ఎండను తప్పించుకోవడానికి కట్టినవి. ఎత్తు కప్పులు, ఎదురెదురు కిటికీలు, వేసవిలో హాయినిచ్చే షాబాదు బండలు. జనవరిలో ఆ బండ మీద పాదం పెడితే వెన్ను దాకా చల్లబడుతుంది. ఏడాదిలో రెండు నెలల చలి కోసం ఇంటిని మార్చుకునే స్తోమత ఎవరికుంది? ఆ రెండు నెలల చలి ఇంట్లో అందరినీ ఒక్కలా పట్టదు. ముసలివాళ్ళకు రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరి ఆడదు, పాత పొగ ఊపిరితిత్తుల్లో మోసుకుని బతుకుతున్న మా అమ్మ ఈడు ఆడవాళ్ళకు ఈ రోజులు మరీ కష్టం. పొగ పోయిందని పొగ చేసిన చెరుపు పోలేదు.

అపార్టుమెంటు గేటు దగ్గర తెల్లవార్లూ అట్టముక్కలు తగలేసుకుని కూర్చునే వాచ్‌మన్, ఇటుక బట్టీ పక్కన పాలిథిన్ కప్పు కింద పడుకునే కూలి కుటుంబం, ఉట్నూరు, తిర్యాణి వైపు గూడేల్లో కట్టె తప్ప వేరే దారి లేని ఇళ్ళు, ఆశ్రమ పాఠశాలల్లో తెల్లవారుజామున చన్నీళ్ళతో స్నానం చేసే పిల్లలు: వీళ్ళలో కొందరికి పాత వెచ్చదనం పోయింది, ఎవరికీ కొత్తది చేరలేదు. నా దిగులంతా ఇక్కడ ఉంది, పోయిన పొయ్యి గురించి కాదు.

మీ ఊళ్ళో ప్రభుత్వ హాస్టలు ఉంటే ఈ డిసెంబరులో ఒకసారి వెళ్ళి, పైకప్పు మీది సోలార్ హీటరు పనిచేస్తోందా, పిల్లలందరికీ దుప్పట్లు చేరాయా అని అడగండి. చేరకపోతే చేరేదాకా అడగండి. మనిషికి నెలకు ఇన్ని కిలోల బియ్యమని లెక్కగట్టిన ప్రభుత్వాలు చలి రెండు నెలలకు ఇంటికి ఇన్ని ఉడుకు నీళ్ళని కూడా లెక్క కట్టాలి, ఆ నెలల్లో 200 యూనిట్ల గీతను కొంచెం పైకి జరపాలి. ఒకప్పుడు ఆ లెక్క తప్పినప్పుడల్లా తేడాను అమ్మలు తమ ఒంటి మీద వేసుకుని సరిచేశారు. ఇక మీదట ఆ భారం వాళ్ళ మీద వేయకూడదు.