గ్యాస్ నింపించడమే సర్వీసు అనుకున్నాను

ప్రతి వేసవిలోనూ వార్తల్లో వినిపించే రెంటచింతల మాకు దగ్గరే కాబట్టి, పల్నాడు ఎండల సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మాచర్ల లైను చీలే నడికుడి జంక్షనుకు కూతవేటు దూరంలో మా ఇల్లు. ఏప్రిల్ వచ్చిందంటే పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఇంట్లో పెద్ద వయసు అమ్మ ఉందని ఏసీ పెట్టించాను. చలికాలం ఆమె స్నానానికని సిలిండరుతో నడిచే గ్యాస్ గీజరు బిగించాను. ఆ రెండూ కొనడంతోనే నా బాధ్యత తీరిందనుకున్నాను. చల్లగాలి వస్తున్నన్నాళ్ళూ, వేడినీళ్ళు పడుతున్నన్నాళ్ళూ వాటి వంక చూడలేదు. ఆ నిర్లక్ష్యానికి ఏసీ దగ్గర డబ్బుతో పోయింది. గీజరు దగ్గర అమ్మ ప్రాణం మీదికి వచ్చింది.

మా దగ్గర దుమ్ము మామూలు దుమ్ము కాదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి క్వారీలు, పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీలు, పగలూ రాత్రీ లారీలు. పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ గాలినే ఏసీ కూడా పీల్చుకోవాలి. లోపలి యూనిట్ మూత ఎత్తగానే కనిపించే జాలీ ఫిల్టరును మా ఊరి దుమ్ముకైతే రెండు వారాలకోసారి కడగాలి. పంపు కింద పట్టి, నీడన ఆరబెట్టి, తిరిగి పెట్టేస్తే అయిపోతుంది. అందులో మెకానిక్ పని ఏమీ లేదు. నేను ఆ మూత ఎత్తిన పాపాన పోలేదు.

ఫిల్టరు మూసుకుపోతే కాయిల్ మీదికి గాలి ఆడదు. గాలి ఆడని కాయిల్ ఉండాల్సినదానికంటే చల్లబడి మంచు కడుతుంది. ఇక గాలికి ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. మిషను తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. ఆపగానే ఆ మంచు కరిగి గోడ వెంట నీళ్ళు కారతాయి. లోపల గ్యాస్ తగ్గినా ఇలాగే మంచు కడుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. వచ్చిన మెకానిక్ గ్యాస్ అయిపోయిందన్నాడు, నింపమన్నాను. మరుసటి ఏడు ఎండలు ముదిరేసరికి మళ్ళీ అదే మాట, మళ్ళీ నింపుడు. ఎందుకు తగ్గిందని నేను అడగలేదు. అడిగి ఉంటే అతను వెతికేవాడేమో.

దానికి తోడు ఇంకో రెండు తెలివితక్కువ పనులు చేశాను. చల్లదనం చాలక రిమోటులో 16 పెట్టేవాణ్ణి. మాది పాతరకం ఏసీ. 16 పెట్టినంత మాత్రాన అది ఇంకా చల్లటి గాలి ఊదదు, గది ఆ డిగ్రీకి వచ్చేదాకా కంప్రెసరుకు విశ్రాంతి ఉండదు, అంతే. స్టార్ గుర్తున్న కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన పెట్టడం ఊరికే కాదు. రెండోది, బయటి యూనిట్‌కు ఎండ తగలకుండా చుట్టూ రేకు కొట్టించాను. గదిలోని వేడిని తెచ్చి బయట వదలడమే దాని పని. వదిలిన వేడి పోయే దారిని నేనే మూసేశాను. చివరికి మే నెల మధ్యలో కంప్రెసరు కాలిపోయింది.

అప్పుడొచ్చాడు నర్సరావుపేటలో పని నేర్చుకున్న కుర్రాడు. ఏటా గ్యాస్ నింపిస్తున్నానని చెబితే నా మొహంలోకి చూసి, “గ్యాస్ తాగే మిషను కాదు గదా బాబాయ్ ఇది. ఎటో పోతేనేగా తగ్గేది!” అన్నాడు. నిజమే. బండిలో పెట్రోలులాగా ఏసీలో గ్యాస్ ఖర్చయిపోదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. కుర్రాడు కొత్త కంప్రెసరు బిగించాక ముందు నైట్రోజన్ ఎక్కించి, రాగి గొట్టం బిగించే ఇత్తడి నట్టు మీద సబ్బు నురగ పూశాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నట్టు కింది అంచున గసగసాలంత బుడగ లేచింది, పగిలింది, మళ్ళీ అక్కడే లేచింది. ఆ నట్టు కింద చమురు మరకకు దుమ్ము పట్టి నల్లగా అట్టగట్టి ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసరు ఆయిల్ కూడా కారిన గుర్తు అది. రెండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. ఆ జాయింటు సరిచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేసి, యూనిట్ ప్లేటు మీద రాసి ఉన్నంత గ్యాస్ తూకం వేసి నింపాడు. నింపడమంటే ఇదీ.

డబ్బు పోతే పోయింది. గీజరు సంగతి రాయాలంటే మాత్రం ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

గొట్టం ఖర్చు కలిసొస్తుందని దాన్ని బాత్రూం లోపలే పెట్టమన్నది నేను. సంక్రాంతి ముందు చలికి అమ్మ వణుకుతోందని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టిందీ నేనే. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. గీజరు లోపలి రాగి గొట్టానికి గార పట్టి నీటిధార సన్నబడింది. బర్నరు రంధ్రాల్లో దుమ్ము చేరి, నీలంగా ఉండాల్సిన మంట పసుప్పచ్చగా మారింది. పైన గోడకు మసి. ఇవన్నీ చూశాను. వేడినీళ్ళు వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను.

ఒకరోజు అమ్మ స్నానం చేసి వచ్చి తల దిమ్ముగా ఉందంది, కడుపులో తిప్పుతోందంది. పైత్యం అనుకున్నాం. తర్వాత ఒక ఉదయం గడియ తీయబోతూ అక్కడే కూలబడింది. చప్పుడు విని తలుపు తోసి, ఎత్తుకుని వసారాలోకి తెచ్చాం. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, “బాత్రూంలో గ్యాస్ గీజరుందా?” అని.

వంటగ్యాస్ లీకైతే ముక్కుకు తెలియాలని అందులో వాసన పదార్థం కలుపుతారు. గాలి చాలక సరిగ్గా కాలని గ్యాస్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మనిషికి తలనొప్పి, వికారం, నీరసం, ఆపైన స్పృహే ఉండదు. మూసిన బాత్రూంలో ఇదంతా ఒక్క స్నానం అయ్యేలోపే జరిగిపోవచ్చు. అమ్మ గడియ దాకా రాగలిగింది కాబట్టి బతికింది.

ఇప్పుడు గీజరు పెరటి వసారాలో గోడకు ఉంది, వేడినీళ్ళు పైపులో లోపలికి వస్తాయి. దసరాలోపు బర్నరు శుభ్రం చేయించి, నిమ్మ ఉప్పు నీళ్ళతో రాగి గొట్టంలో గార తీయిస్తాను. రబ్బరు గొట్టం ఐదేళ్ళు దాటనివ్వను. ఏసీ సర్వీసు ఫిబ్రవరిలో, మిర్చి కళ్ళాల్లో ఉండగానే. మే నెలలో పిలిస్తే ఏ మెకానిక్‌కూ నట్టుకు నురగ పూసి కూర్చునే తీరిక ఉండదు.

మీ ఇంట్లో గ్యాస్ గీజరు బాత్రూం లోపలే ఉంటే ఈ వారంలోనే బయటికి మార్పించండి. మార్చేదాకా తలుపు తీసి ఉంచి బకెట్లో నీళ్ళు పట్టి, గీజరు ఆపేసి, లోపలి గాలి బయటికి పోయాకే స్నానానికి వెళ్ళండి. వెంటిలేటరుకు ఏదైనా అడ్డం పెట్టి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు దాన్ని తీసేయండి.