మా యింటి గవాక్షము

మా యింట వీధివైపు గదికి, గోడను దాటి మూరెడు వెలికి పొడుచుకొని వచ్చిన కిటికీ యొకటి కలదు. ఎదుట నొక కిటికీ, ఇరుప్రక్కల నేటవాలుగా చెరియొకటి. ఇంగ్లీషువారు ఇట్టిదానిని బే విండో యందురు. అందును నేల నంటక దూలపుకొనలపై నిలిచినదానికి ఓరియల్ అని పేరు. మా మామగారు టేకుతో చేయించిన యీ కిటికీ యా రెండవ జాతిది. సంస్కృతమున గవాక్షమన గోవుకన్ను గావున మేమును దానిని గవాక్షమనియే పిలుతుము.

1799లో కట్టిన జయపురపు హవామహలునందు ఇట్టి జరోఖాలు 953 కలవందురు. రాణివాసపు స్త్రీలు తాము కనబడక వీధిని చూచుటకై వానిని నిర్మించిరి. నా కొక్కటియే చాలును. గోడలోని కిటికీ యెదుటి యింటిని మాత్రమే చూపును. ఇది వీధి రెండు కొనలను చూపును, ఏ దిక్కు గాలినైనను లోనికి బిలుచును. వంట ముగిసినపిదప నేను పుస్తకము పట్టి కూర్చుండు చోటు అదియే. “వీధిలో కూర్చున్నట్లే యున్నదమ్మాయీ” అని మా అత్తగారు గొణుగుచుండెడివారు.

మూడేండ్ల క్రిందట శ్రావణమాసమున నొక రాత్రి కురిసిన వానకు మా వారు దిద్దుటకు తెచ్చిన పరీక్షాపత్రములు తడిసి ముద్దయ్యెను. పిల్లల వ్రాతలు! ఆయన మరునా డంతయు నోరు విప్పలేదు. సాయంకాలమున, “దీనిని తీయించి తిన్నని గోడ పెట్టింతము” అనిరి. అత్తగారు వెంటనే సరేయనిరి. నేను నెలదినములు గడు వడిగితిని.

అంతకుముందే తాపీపనివాడు రెండుమారులు కిటికీ అడుగుపలకచుట్టు సిమెంటు పూసి కూలి గొనిపోయెను. తడి కనబడుచోటనే నీరు దూరుచున్నదని మేమును నమ్మితిమి. ఒకనాడు ఎండ కాయుచుండగా నిచ్చెన వేయించి, అబ్బాయిని లోపల కావలి యుంచి, చెంబుతో నీరు పోయ మొదలిడితిని. మొదట అడుగుపలకమీద, పిదప ప్రక్క చట్రములమీద, తుదకు పైకప్పుమీద. ఇట్లు క్రిందినుండి పైకి పోవలెను. ముందే పైన బోసినచో నీ రంతటను పారి జాడ తెలియదు. అడుగున జోడెడు చెంబులు పోసినను లోపల చుక్క లేదు. చిన్నకప్పు ఇంటిగోడను కలియు సందున బోయగానే, “అమ్మా, వచ్చుచున్నది!” అని కేక.

కారణ మిది. ఇంటిగోడ పునాదిమీద నిలిచినది. కిటికీ గోడకు వ్రేలాడుచున్నది. కొయ్య వానకు నుబ్బును, ఎండకు ముడుచుకొనును. నడుమ పూసిన గార రెంటి కదలికకును తాళజాలక బీటలువారును. నీ రా బీటలో దూరి, స్తంభము వెంబడి లోలోన దిగి, అడుగుపలకవద్ద బయటపడును. పాప మా పలక చేసిన నేరమేమియు లేదు.

వడ్రంగిని పిలిపించితిమి. గోడలో గాడి తీయించి, జింకురేకు నొక యంచు నందులో దూర్చి, రెండవ యంచును కప్పుమీదికి వంపించితిమి. ఇప్పు డంగళ్లలో దొరకు సిలికాను జిగురు సన్నని సందుల కుపకరించునే గాని రేకు పని చేయదు. అడుగుపలక వెలుపలికి వాలి యుండవలెను. దాని అడుగున నంచుపొడవున సన్నని గాడి యుండినచో నీటిబొట్టు వెనుకకు ప్రాకి గోడను చేరక అచ్చటనే రాలును. కత్తిమొనతో గ్రుచ్చి చూడగా పలక కొన యొకటి మెత్తగా దిగబడెను. పుచ్చినంతమేర కోసి క్రొత్తకొయ్య యతికించిరి.

ఏటేట మృగశిరకార్తెకు ముందు కప్పుమీది వేపాకు నూడ్పించెదను. కొయ్య బాగుగా ఎండియుండగా అవిసెనూనె పట్టించెదను. తడికొయ్యపై పూత పూసిన తేమ లోననే నిలిచి కుళ్లించును. గోడకును చట్రమునకును నడ్డముగా పెన్సిలుగీత గీసి తేది వ్రాసితిని. గీత రెండుముక్కలై యొకటి క్రిందికి జారినచో దూలము క్రుంగుచున్నదని యెరుగవలెను. అప్పుడు పూతలు మాని పనివానిని పిలువవలసినదే. ఇంతవరకు గీత చెదరలేదు.

కిటికీ నిలిచినది గాని నా చోటు పోయినది. మోకాళ్ల నొప్పులచే వీధి యరుగు దిగలేక మా అత్తగారు మధ్యాహ్నములం దచ్చటనే కూర్చుండుచున్నారు. “అమ్మాయీ, కూరలబండి మలుపు తిరిగినది, బుట్ట తెమ్ము” అని నిన్నను పిలిచిరి. నేను పుస్తకమును పెరటి వసారాలోనికి మార్చుకొంటిని.