హాట్‌ట్రిక్‌లో నా వేలంవెర్రి

2008లో మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు నాకో ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. నవ్వకండి, ఆన్‌లైన్‌లో లెండి. హాట్‌ట్రిక్ అని 1997లో స్వీడన్‌లో పుట్టిన ఆట. ఇందులో మనం బంతి తన్నేదేమీ ఉండదు. జట్టుని దించడం, ట్రైనింగ్ ఇవ్వడం, ఆటగాళ్ళని కొనడం, అమ్మడం. అంతా ఎక్సెల్ షీట్ వ్యవహారం. మనవాళ్ళకి పట్టిందంటే అందుకేనేమో!

ఆటగాణ్ణి అమ్మకానికి పెడితే వేలం మూడు రోజులు నడుస్తుంది. ఆఖరి మూడు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు ఇంకో మూడు నిమిషాలు జరుగుతుంది. నా కొంప ముంచింది ఈ చిన్న రూలే.

ఒక స్ట్రైకర్ మీద మనసు పడ్డాను. పది లక్షలు (ఆట డబ్బులే) దాటకూడదని లెక్కేసుకున్నాను. గడువు రాత్రి తొమ్మిదిన్నరకి. సరిగ్గా అదే టైముకి క్లయింట్ కాల్. ఫోన్ మ్యూట్‌లో పెట్టి పాట మొదలెట్టాను. పది దాటింది, పన్నెండు దాటింది. అవతల ఎవడో తగ్గట్లేదు, నేనెందుకు తగ్గాలి? పదింపావుకి, పదిహేడు లక్షలకి వాడు నా వాడయ్యాడు. మేనేజర్ రెండుసార్లు పేరు పెట్టి పిలిచాక గానీ నాకు వినపడలేదు.

తర్వాత అర్థమైన సంగతేంటంటే, ఈ ఆటలో స్కిల్‌ని మాటల్లో చూపిస్తారు. 'ఎక్సలెంట్' అంటే నిన్నగాక మొన్న ఆ మెట్టెక్కినవాడా, రేపో మాపో పైమెట్టెక్కేవాడా అన్నది కనపడదు. టీఎస్ఐ అనే అంకె చూసి ఊహించుకోవాలి. అదేమో ఫామ్ బాగుంటే ఉబ్బుతుంది. అంటే పాడేవాళ్ళంతా అంచనాల మీదే పాడుతున్నారు. అందరిలోకీ ఎక్కువ ఆశపడ్డవాడే గెలుస్తాడు. సముద్రంలో చమురు బావుల వేలంపాటల్లో కంపెనీలకి ఇదే జరుగుతోందని 1971లోనే ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు పేపర్ రాశారు. దీన్నే విన్నర్స్ కర్స్ అంటారు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

కథ అక్కడితో ఆగలేదు. హాట్‌ట్రిక్‌లో జీతం మారేది పుట్టినరోజు నాడు. మావాడి పుట్టినరోజు రెండు వారాల్లో ఉందని నేను చూసుకోనేలేదు. జీతం పెరిగింది, ఖజానా ఖాళీ. వాణ్ణే అమ్ముదామంటే, కొన్నవాణ్ణి వెంటనే అమ్మితే ఏజెంటు కోత ఎక్కువ. చివరికి యూత్ టీమ్‌లోంచి తెచ్చి, రెండు సీజన్లు నేనే తయారుచేసుకున్న గోల్‌కీపర్ని లిస్టులో పెట్టాను. పెట్టిన మర్నాడే మనసు మారింది. కానీ ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. అలాంటి ఆటగాళ్ళు ఆ వారంలో ఎంతకి పోయారో చూసి, జీతం కూడా లెక్కలో కలిపి, నా ఆఖరి పాట ఎంతో ముందే కాగితం మీద రాసేవాణ్ణి. ఇంకో కిటుకు కూడా ఉంది. మనకి పొద్దున్న ఎనిమిదంటే యూరప్‌లో తెల్లవారుజామున మూడో నాలుగో అవుతుంది. ఈ ఆట ఆడేవాళ్ళలో ఎక్కువమంది అక్కడివాళ్ళే, ఆ టైములో నిద్రలో ఉంటారు. అప్పుడు ముగిసే వేలాల్లో పోటీ తక్కువ. మంచి మిడ్‌ఫీల్డర్లని పళ్ళు తోముకుంటూ కొన్నాను.

ఏడాది తర్వాత ఆ గోల్‌కీపర్ మళ్ళీ అమ్మకానికొచ్చాడు. గడువు పొద్దున్న ఏడున్నరకి. కాగితం మీద తొమ్మిది లక్షలని రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, తొమ్మిదిన్నర దాకా వెళ్ళాను. అవతలివాడు పది అన్నాడు. గడువు ఇంకా రెండు నిమిషాలుంది. ల్యాప్‌టాప్ మూసేసి ఆఫీస్ బస్సెక్కాను.