వాకిటివారు

సంస్కృతనాటకములను చదివినవారికి ప్రతీహారి యను పాత్ర పరిచితమే. శాకుంతలమున దుష్యంతుని కొలువులోని వేత్రవతి యట్టిది. వచ్చినవారెవరో రాజునకు విన్నవించుట, రాజాజ్ఞను వారికి తెలుపుట యామె పని. రిసెప్షనిస్టు అనబడు నేటి యుద్యోగినిని చూచినప్పుడెల్ల మాకు వేత్రవతియే జ్ఞప్తికి వచ్చును. భేదమొక్కటే: వేత్రవతికి పేరులోనే బెత్తమున్నది, ఈమెకు టెలిఫోను మాత్రమున్నది.

మొన్న మా తల్లిగారి కంటిపరీక్షకై యొక వైద్యశాలకు పోయి, వంతు వచ్చుదాక రెండు గంటలు ఆ బల్లకెదురుగా కూర్చుంటిమి. ఇతరుల పనిని కనిపెట్టి చూచుట బడిపంతులకు అలవాటు గదా! ఆ రెండు గంటలును ఆ యమ్మాయి నిలుచుండియే యుండెను. కూర్చుండుటకు కుర్చీయే లేదు. ఓపీ చీటి వ్రాయవలెను, రుసుము పుచ్చుకొనవలెను, డాక్టరుగారు ఆలస్యముగా వచ్చినచో ఆ తిట్లన్నియు తానే తినవలెను. జరీకండువా పెద్దమనిషి యొకడు "ఏడీ మీ డాక్టరు?" అని బల్ల గ్రుద్దెను. "అయిదు నిమిషములండీ" అని యామె యనెను. అయిదు నిమిషములని యామెకు చెప్పినవారెవరును లేరు. ఇంతలో వయస్సు తెలియని ముసలమ్మ వచ్చెను. "అవ్వా, నీ పెద్దకొడుకుకు ఎన్నేండ్లు? పెండ్లియైన యెన్నేండ్లకు పుట్టినాడు?" అని యడిగి, లెక్కగట్టి వ్రాసికొనెను. జనాభాలెక్కలవారికి సయితము ఇంత యోపిక యుండునో, లేదో!

సనకాదులను వాకిట నడ్డగించి జయవిజయులు శాపము పొందిరి. లోపలివానికి శాపము తగులలేదు. నేటికిని అంతే.

కుర్చీ మాట స్వల్పమని తలంపవలదు. కేరళమున వస్త్రదుకాణములలో దినమెల్ల నిలువబడిన స్త్రీలు పోరాడగా, 2018లో అచటి ప్రభుత్వము చట్టమును సవరించి పనివారికి ఆసనమమర్చవలెనని శాసించెను. 2021లో తమిళనాడును అట్లే చేసెను. నిలువబడుటయే అతిథికి మర్యాదయని హోటళ్లవారు నేర్పుదురు. అతిథి యేమో సోఫాలో పత్రిక చదువుకొనుచుండును!

ఇంటిలోని చిక్కు వేఱు. మా పరిచితులొకరి కుమార్తె హైదరాబాదున నొక హోటలులో ఈ యుద్యోగమే చేయుచున్నది. ఆమె జీతముతోనే తమ్ముని చదువు సాగుచున్నది. తండ్రిగారు మాత్రము పెండ్లిచూపులవారికి "ఆఫీసులో పని" అని చెప్పుచుండిరి. రాత్రిపాళీలని వినినచో లేచిపోవుదురేమోయని వారి భయము. నర్సులనుగూర్చి మన యిండ్లలో నొకప్పుడాడుకొన్న మాటలు ఇప్పుడు వీరి వంతైనవి. గత మాసమున సంబంధమువారు రాగా, ఆ పిల్లయే కాఫీ యందించుచు, "హోటలు రిసెప్షనులో నున్నానండీ, ఈ వారము రాత్రిపాళీ, ఎనిమిదింటికి బయలుదేరవలెను" అని చెప్పినదట. తండ్రిగారు ఆ పూట భోజనము చేయలేదు. సంబంధమువారు ఇంకను కబురు పంపలేదు.