తెల్ల కర్ర చెప్పే కబురు

మా గూడేల్లో అడవి దుంపలు తవ్వే అవ్వలను అడగండి. గునపం మొన మట్టిలో దేనికి తగిలిందో చూడకుండానే చెబుతారు. రాయైతే ఖంగుమంటుంది, దుంపైతే మెత్తగా దిగుతుంది. గునపం పట్టింది అరచేయి, తెలిసింది మాత్రం మొన దగ్గర. చూపు లేనివాళ్లు తెల్ల కర్రతో లోకాన్ని తెలుసుకునేదీ ఇలాగే.

మా బడిలో చూపు లేని పాప ఒకతె చదువుతోంది. ఆమె నడకను మేము రోజూ చూస్తున్నాం. కుడికాలు వేసేటప్పుడు కర్ర కొన ఎడమవైపు తాకుతుంది, ఎడమకాలు వేసేటప్పుడు కుడివైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ ఈ పద్ధతిని రూపొందించాడు.

మట్టిబాట, సిమెంటు రోడ్డు, ఎండుటాకులు ఒక్కొక్కటీ ఒక్కో చప్పుడు, ఒక్కో అదురు. కొత్తలో ఆ అదురు చేతిలోనే ఆగిపోతుంది. అలవాటయ్యాక చేయీ కర్రా మరుపుకొస్తాయి, ఎదురుగా ఉన్న వస్తువే తెలుస్తుంది. మా పాప "ముందు గుంత ఉంది సార్" అంటుంది గానీ "నా చేయి అదిరింది" అనదు.

కర్రకు అందనివీ ఉన్నాయి. మన ఇళ్ల వాలు చూరు, బాట మీదికి వంగిన కొమ్మ తలకు తగిలేదాకా తెలియవు. అందుకే పిల్లలతో కలిసి బడిదారి కొమ్మలు నరికాం. జాలిపడి కర్ర పట్టుకొని లాగొద్దని ఊళ్లో చెప్పాం. అలా లాగితే ఆమె చూపును లాక్కున్నట్టే. సాయం చేయాలనుకుంటే ముందు అడగాలి, మన మోచేయి అందించాలి.

మొదట్లో ఇంటివాళ్లు కర్రను అటక మీద పెట్టేశారు. కర్ర పడితే బిడ్డకు చూపు లేదని నలుగురికీ తెలుస్తుందని వాళ్ల బాధ. అప్పుడు తమ్ముడు చేయి పట్టుకొని తెచ్చేవాడు. వాడు రాని రోజు ఆమెకూ బడి లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. తోటి టీచర్లారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ గూడెంలో ఇంటి మూల కూర్చున్న బిడ్డ ఉంటే వెళ్లి అడగండి. సదరం సర్టిఫికెట్ ఉందా, కర్ర ఉందా, దాన్ని వాడటం ఎవరైనా నేర్పారా?

మొన్న తమ్ముడికి జ్వరమొచ్చింది. అక్క ఒక్కతే బడికి వచ్చి, వాడి లీవు లెటరు మా చేతిలో పెట్టింది.